మక్క గింజల బోరు

రెండువేల తొలి సంవత్సరాల్లో రుద్రూర్ అవతలి ఒక ఊరికి నేనొక కంప్యూటర్ మోసుకుపోయాను. అందులో భూగర్భ జలాల ఆట ఉంది. రైతులు బోర్లు వేసుకుంటారు, పంటలు ఎంచుకుంటారు, అడుగున నీళ్లు ఎంత తగ్గాయో తెర చూపిస్తుంది. అది చూసి అందరూ నీళ్లు పంచుకుంటారని మా ఆఫీసు ఆశ. కొత్త ఉద్యోగం కాబట్టి నాకూ ఆశే.

ఆ ఊళ్లో ఒక అక్క పసుపు చేను ఎండుతోంది. పక్కనే పటేలు తన చెరుకు తోటలో లోతైన బోరు వేయించాక, ఆమె బోరులో గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఇంకో వారం తడి అందకపోతే పసుపు దక్కదు.

మొదటి రోజు ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, కరెంటు పోయింది. రెండో రోజు కరెంటు ఉంది గానీ రైతులు లేరు. అది ఉన్నంతసేపూ అందరూ మోటార్ల దగ్గరే ఉంటారు. అంటే కంప్యూటర్ బతికితే మనుషులు రారు, మనుషులొస్తే కంప్యూటర్ చస్తుంది. ఈ చిన్న సంగతి పట్నంలో పెద్దలెవరికీ తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా? నా మీద నాకే మండింది.

మూడో రోజు కరెంటు పోయి పటేలుతో సహా రైతులంతా చేరాక, ఆ అక్కే తట్టెడు మక్క గింజలు, అంటే మొక్కజొన్నలు, తెచ్చి మధ్యలో పెట్టింది.

"గివే నీళ్లనుకో సారూ. నువ్వే కంప్యూటర్‌వైతే అయిపాయె."

చీటీలు వేశాం. లోతు బోరు ఆమెకు పడింది, ఎండిన బోరు పటేలుకు. లోతు బోరుకు దోసెడు, మిగతావాటికి పిడికెడు, ఎండినదానికి అందరూ తీసుకోగా మిగిలింది. మూడో చుట్టుకే తట్ట ఖాళీ అయింది, పటేలుకు ఒక్క గింజా మిగల్లేదు. పటేలు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల జారినా చూసుకోలేదు.

"గిదేం అన్యాయం! నా చెరుకు ఎండుతాంది, గామె దోసిళ్లకు దోసిళ్లు తీస్తాంది! గీ ఆట బంద్ చెయ్ సారూ!"

నవ్వాపుకోలేక చచ్చాను. లేని చెరుకు, గింజల నీళ్లు, ఆయన కళ్లలో మాత్రం నిజం నీళ్లు!

అక్క నవ్వలేదు. "గడియసేపట్లనే గింత కోపమొచ్చెనా పటేలా? దసరా సంది నా చేను గిట్లనే ఉన్నది. నేనెవర్ని బంద్ చెయ్యమనాలె?"

ఆమె తన కుప్పలోంచి దోసెడు గింజలు తీసి ఆయన ముందు పోసింది.

మర్నాడు కరెంటు రాగానే పటేలు తన బోరు పైపును ఆమె చేనులోకి తిప్పాడు. గట్టు మీద నిలబడి, ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"నిన్నటి గింజలు వాపస్ ఇస్తున్న."