ఆడపిల్ల ఎక్కిన మామిడిచెట్టు

ఆడపిల్ల ఎక్కితే మామిడిచెట్టు ఇక కాయదని మా పెదనాన్న గట్టి నమ్మకం. రెడ్డిగూడెంలోని మా తోటలో అన్నయ్య మాత్రం రోజంతా కొమ్మల మీదే ఉండేవాడు. అక్కడినుంచే కిందికి ఉమ్మేవాడు కూడా. దానివల్ల చెట్టుకు ఏమీ కాదట.

నేను టెన్త్ పరీక్షలు రాసిన వేసవిలో ఒకనాడు, అన్నయ్య చిటారు కొమ్మదాకా ఎక్కి, దిగలేక ఏడుపు అందుకున్నాడు. కూలీలు భోజనాలకు వెళ్లారు. పెదనాన్నకేమో మోకాళ్ల నొప్పులు. నేను చున్నీ నడుముకు బిగించి ఎక్కడం మొదలుపెట్టాను.

"దిగవే! చెట్టు గొడ్డుపోద్ది!" అని పెదనాన్న కిందనుంచి అరిచారు.

"అయితే అన్నయ్యని పైనే ఉంచేద్దామా, పెదనాన్నా?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు! చివరికి, "సరే, త్వరగా కానియ్యి. ఎవరికీ చెప్పకు," అన్నారు.

అన్నయ్య పాదాలు పట్టుకుని ఒక్కో కొమ్మ మీద పెట్టిస్తూ కిందికి దింపాను.

మరుసటి ఏడాది ఆ చెట్టు విరగకాసింది. కాయ చూడ్డానికి వచ్చిన వ్యాపారితో పెదనాన్న, "అంతా నేను కొట్టిన మందు మహిమండీ," అన్నారు. కాయకపోయి ఉంటే మాత్రం పేరంతా నాకే వచ్చేది. ఆ సాయంత్రం ఆయన చూస్తుండగానే పక్కచెట్టు కూడా ఎక్కాను. ఆయన ఫోన్ వచ్చినట్టు నటిస్తూ అటు తిరిగిపోయారు.