పెన్‌గంగ దాటిన పరుపులు

సీతాబాయికి ఇల్లు పెన్‌గంగకు ఇవతల, చేను అవతల. ఇల్లు ఆదిలాబాద్ జిల్లా, చేను మహారాష్ట్ర. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎనిమిదెకరాల నల్లరేగడి అది. వానలు వెనకపట్టాక ఏరు మోకాలి లోతుకు దిగేది. ఎడ్లు నడిఏట్లో ఆగి నీళ్లు తాగి మరీ దాటేవి. భర్త జగపతిరావు అరవై తొమ్మిదిలో పోయాక, ముప్ఫై నాలుగేళ్ల వయసులో వ్యవసాయం ఆమె నెత్తిన పడింది. తోడు జీతగాడు లచ్చయ్య ఒక్కడే. అయినా పత్తి ఏరించడం, బండికెత్తించి ఆదిలాబాద్ మార్కెట్లో బేరమాడి అమ్మడం రెండేళ్లలో నేర్చుకుంది.

డెబ్బై రెండులో అవతలి సర్కారుకు రైతు మీద దయ పుట్టింది. దళారుల బారి నుంచి కాపాడాలని, తన నేలలో కాసిన పత్తినంతా తానే కొంటానంది. మరెవరికైనా అమ్మినా, ఎల్లలు దాటించినా నేరమంది.

మొదటి ఏడు సీతాబాయి బుద్ధిగా బండిని కొనుగోలు కేంద్రానికి తోలించింది. తొమ్మిది రోజులు వరుసలో ఉండాల్సి వచ్చింది. పదో రోజు గ్రేడరు గుప్పెడు పత్తి నలిపి చూసి మూడో రకం అన్నాడు. అతను నిరుటిదాకా కోళ్లఫారాల శాఖలో పని చేసేవాడని లచ్చయ్య వాకబు చేసుకొచ్చాడు. డబ్బు మూడు విడతల్లో ఇస్తామన్నారు. మూడో విడత వచ్చేసరికి మరుసటి పంట పూతకొచ్చింది. నలుగురు దళారులున్నప్పుడు ఒకడితో పొసగకపోతే రెండోవాడి దగ్గరికి పోయేది. ఇప్పుడు ఆ నలుగురినీ తరిమి, సర్కారే అయిదో దళారిగా కూర్చుంది. పోదామంటే ఆరోవాడు లేడు.

రెండో ఏడు ఏటి రేవులో వెదురుబొంగు అడ్డంగా వెలిసింది. దాని పక్కన ఒక గుడిసె, గుడిసెలో వాంఖడే అనే జవాను. ఇంటి వాడకానికి పరుపులో, బొంతలో తీసుకుపోతే మాత్రం అభ్యంతరం లేదని రూలులో ఒక ముక్క ఉన్నట్టు అతనే ఒకనాడు చుట్ట కాలుస్తూ లచ్చయ్యతో అన్నాడు. లచ్చయ్య ఆ మాట తెచ్చి సీతాబాయికి చెప్పాడు. వారం తిరక్కుండా చేని దగ్గరి కొట్టంలో ముగ్గురు ఆడవాళ్లు పరుపులు కుట్టడం మొదలుపెట్టారు.

మొదటి పరుపు బండి రేవు దాటేటప్పుడు ఆమె వాంఖడే గుడిసె వైపు చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక పరాయివాళ్ల పుల్ల ముట్టలేదు. అలాంటిది తన చేలో కాసిన పత్తిని తన ఇంటికే దొంగలా తెచ్చుకుంటోంది. ఇల్లు చేరాక సాయంత్రం దాకా అన్నం ముట్టలేదు. రెండో బండికి ఆకలి మామూలుగానే అయింది.

ఆ మాఘమాసానికి ఇరవై ఏడు పరుపులు దాటాయి. ఇవతల వాటి కుట్లు విప్పి, పత్తిని ఆదిలాబాద్ మార్కెట్లో అమ్మించింది. ఒకనాడు వాంఖడే బండిని ఆపి, ఇంట్లో ఎందరుంటారని మరాఠీలో అడిగాడు. ఆ రేవులో అందరికీ రెండు భాషలూ వచ్చు. ఆమె తెలుగులోనే బదులిచ్చింది.

"ముగ్గురం. నాకు నడుము నొప్పి. ఒక్క పరుపు సాల్తలేదు."

అతను పరుపును చేత్తో ఒత్తి చూశాడు. గింజ తీయని పత్తి, గులకరాళ్లలా గుచ్చుకుంది. దీని మీద ఎవరు పడుకుంటారన్నాడు. గింజలు గుచ్చుకుంటేనే నొప్పి దిగుతుందని వైద్యుడు చెప్పినట్టు లచ్చయ్య కల్పించాడు. కానీ ఆ వారమే పైఅధికారి తనిఖీ ఉంది. వాంఖడే మూడు పరుపులు పట్టుకుని, పంచనామా రాసి, ఆమె చేత సంతకం పెట్టించాడు. అందులో తన పేరు ముందు ‘నిందితురాలు’ అన్న మాట చూసి ఆమెకు కండ్లలో నీళ్లు తిరిగాయి. అంతకు మునుపు ఏ కాగితంలోనైనా ఆమె జగపతిరావు భార్యే.

కేసు ఆరేళ్లు నడిచింది. సాక్ష్యంగా ఉంచిన పరుపులు ఆఫీసు ఆవరణలో వానకు తడిసి, గింజలు మొలకెత్తి, ఆ మొలకలను మేకలు మేసిపోయాయి. సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు. ఆ ఆరేళ్లూ పరుపులు మాత్రం దాటుతూనే ఉన్నాయి. వాంఖడే కూతురి పెండ్లికి రెండు పంపింది సీతాబాయి. వాటిలో మాత్రం మెత్తటి దూదే పెట్టించింది.

ఎనభై అయిదు, ఎనభై ఆరు నాటికి కథ తిరగబడింది. ఇవతల పత్తి ధర పాతాళానికి పడిపోయింది. అవతలి సర్కారు మాత్రం ముందే చాటిన ధరకు కట్టుబడి ఉంది. ఎడ్లబండ్లు రేవులో ఎదురు దిక్కుకు నడవడం మొదలైంది. వాంఖడే తన రూలు కాగితం తీసి చదువుకున్నాడు. పత్తి బయటికి పోకూడదని ఉంది. లోపలికి రాకూడదని ఎక్కడా లేదు. బొంగు పైకెత్తి కూర్చున్నాడు.

అయితే కేంద్రంలో అమ్మాలంటే అక్కడ భూమి ఉన్నట్టు సాత్‌బారా కాగితం, అంటే మన పహాణీ, చూపించాలి. ఇవతలి ఊళ్లో ఆ కాగితం ఉన్నది సీతాబాయి ఒక్కదానికే. ఊరంతా ఒక్కసారిగా ఆమెకు చుట్టమైంది. పక్కింటి రాజయ్య అయితే, తన తాత ఆమె తాత దగ్గర ఏడాదిపాటు పాలికి చేను చేశాడని గుర్తు చేసుకొచ్చాడు. ఇట్ల చేస్తే తప్పు గాదా అని లచ్చయ్య ఒక్కడే గొణిగాడు.

"పదమూడేండ్లు నా పత్తిని దొంగపత్తి అన్నరు," అంది సీతాబాయి. "ఇప్పుడు ఊరి పత్తంత నాదంటే గా సర్కారుకేం ఫికర్?"

ఆ ఏడు ఎనిమిదెకరాల చేను ఎనభై ఎకరాల పత్తి ఇచ్చింది. తీసుకున్న గుమాస్తా లెక్క సరిచూడలేదు. ఎంత ఎక్కువ కొంటే కేంద్రానికి అంత మంచి పేరు. పైఆఫీసువాళ్లు మాత్రం చూశారు, చూసి సంతోషించారు. ఎండాకాలంలో ఆమెను పిలిచి శాలువా కప్పి, ఉత్తమ రైతు అని యోగ్యతాపత్రం ఇచ్చారు. ఇంత దిగుబడి రహస్యమేమిటని ఒక అధికారి అడిగాడు. తన గొప్పేమీ లేదని, అంతా ఏటి గొప్పేనని ఆమె నిజమే చెప్పింది. ఆయన దాన్ని ‘నదీజలాల సద్వినియోగం’ అని రాసుకున్నాడు.

ఉత్తమ రైతు కాబట్టి పత్తి సలహా సంఘంలో సభ్యురాలిని కూడా చేశారు. మొదటి సమావేశానికి జరీచీర కట్టుకుని పోయింది. బల్ల చుట్టూ పద్దెనిమిది మంది ఉన్నారు. ఆమె తప్ప అందరూ జీతగాళ్లే. కొనుగోలు మనిషి, తూకం మనిషి, కాపలా మనిషి, వాళ్లందరి మీదా మళ్లీ తనిఖీ మనుషులు. పథకం నష్టాల్లో ఉందని, తనిఖీకి ఇంకో పదిమంది కావాలని గంటసేపు మాట్లాడుకున్నారు. చివరకు ఆమెను కూడా ఒక మాట చెప్పమన్నారు. ఆమె లేచి, రైతు పత్తిని రైతుకు నచ్చినచోట అమ్ముకోనిస్తే బొంగు అక్కర్లేదు, పరుపులూ అక్కర్లేదు అంది. పరుపుల సంగతి ఎవరికీ అర్థం కాలేదు. మొదటి సగం మాత్రం అందరికీ అర్థమైంది.

అధ్యక్షుడు పెద్దమనిషి, నెమ్మదైనవాడు. అట్లయితే ఇక్కడ కూర్చున్న మేమంతా ఏం చేయాలి బాయీ అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. సీతాబాయి ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. మొదటిసారి వాళ్ల మీద జాలేసింది.

"పత్తి ఏరనీకి రాండ్రి సార్," అంది. "మాకు కూలీలు దొరుకుతలేరు."

మరుసటి సమావేశానికి ఆమెకు పిలుపు రాలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. ఆ వానాకాలం ఎనిమిదెకరాల్లో పత్తి మాని, ఏ బొంగూ ఆపని జొన్న, కంది వేయించి, ఎడ్లకు కొత్త పలుపుతాళ్లు తెమ్మని లచ్చయ్యను అంగడికి పంపింది.