వంకాయ రంగు శివుడు

ఈ ఏడు శివరాత్రి దగ్గర పడ్డాక ఓ రోజు నరసరావుపేటలోని మా ఫ్లెక్సు షాపుకి వెళ్ళి, మిషన్‌లోంచి మెల్లగా కిందికి దిగుతున్న శివుణ్ణి చూసి, దగ్గరికెళ్ళి మళ్ళీ చూశాను. నీలంగా ఉండాల్సిన స్వామి వంకాయ రంగులో ఉన్నాడు. అది వెదురు గడలతో ఎత్తుగా కట్టి కొండకి లాక్కెళ్ళే మా ఊరి ప్రభకి ముందువైపు కట్టే బొమ్మ, కోటప్పకొండ తిరునాళ్ళలో పక్క ఊళ్ళ ప్రభల సరసన మా పరువు నిలబెట్టాల్సిన బొమ్మ.

షాపు ఇప్పుడు మా కోడలు చూసుకుంటోంది. వైరస్ వచ్చి పాత ఫైళ్ళు కొన్ని పోయాక, దొంగ కాపీ విండోస్‌తో ఇక వేగలేనని కొత్త కంప్యూటర్‌లో దాని బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసింది. అంతవరకూ తప్పుపట్టను. కానీ మా డిజైన్లన్నీ చేసిన సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచే రకం, దాన్ని ఇదీ విండోసేనని నమ్మించి లైనక్స్ మీద నడిపిస్తోంది. ఆ నడక చూస్తే రోత పుడుతుంది. బొమ్మ కదిపితే బిగుసుకుపోతుంది, స్క్రీన్ మీద చక్కటి నీలం చూపిస్తుంది, ప్రింటర్‌కి చెప్పాల్సిన రంగుల లెక్క మాత్రం దారిలో పారేసుకుంటుంది.

మీలో నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఈ బొమ్మల్ని గుడ్డ మీద కుంచెతో వేసేవాళ్ళం. నేను మా మేనమామ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, ప్రభ కట్టించే మా పెదనాన్న బొమ్మని దగ్గర నుంచి చూసేవాడే కాదు, జనం చూసేది దూరం నుంచే కదా అని డొంక చివరిదాకా నడిచి వెళ్ళి అక్కడి నుంచి చూసేవాడు. ఒక ఏడు స్వామి కంఠం మరీ నల్లబడిందని, ఎడ్లు కట్టబోతుంటే ఆపించాడు.

"ఇది మన శివుడు కాదురా. కొండ కాడ మొహమెట్టా ఎత్తుకుంటాం?"

ప్రభ ఆగిపోయింది. మేం మళ్ళీ రంగు వేసేదాకా ఊరు ఊరంతా మా చుట్టూ చేరి, తలా ఒక మాట అంటూనే ఉంది.

అందుకే ఈ బొమ్మ పంపడానికి వీల్లేదన్నాను. కోడలు కాదనలేదు పాపం, కూర్చుని రంగు సవరించింది, ఈసారి స్వామి ఆకుపచ్చగా దిగాడు. అంతలో ఇప్పుడు ప్రభ పనులు చూస్తున్న మా పెదనాన్న మనవడు వచ్చాడు. వాడు ఆ రెండు బొమ్మల్నీ మా మొహాన కొడతాడని ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. వాడు ఫోన్‌లోంచి తలెత్తి, మొదటి బొమ్మ వంక ఒకసారి చూశాడు.

"బానే ఉంది బాబాయ్. లైట్లేస్తే ఏం కనపడుద్ది?"

దాన్నే చుట్టి బండెక్కించుకుపోయాడు.

తిరునాళ్ళనాడు ఆ వంకాయ శివుడు కొండ కింద నిలబడ్డాడు. మా ఊరివాళ్ళు ఒక్కరైనా ఇదేం బొమ్మ, ఎవరు వేశారు అని అడుగుతారేమోనని పొద్దుగూకేదాకా అక్కడే తిరిగాను. నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. డీజే పాటలు వినేవాళ్ళు విన్నారు, చెరుకు గడలు కొనుక్కునేవాళ్ళు కొనుక్కున్నారు, నన్ను పలకరించినవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడిగారు. ఆ సాఫ్ట్‌వేర్‌ని రేపో మాపో మా కోడలు దారికి తెస్తుంది. తప్పు బొమ్మ వేస్తే నిలదీసే ఊరిని ఎవరు తెచ్చిస్తారు?