దారం మీద ఢిల్లీ

నాచారం చరిత్ర ఎవరైనా తీరిగ్గా రాయబూనితే, సంజీవరావు దారానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఉప్పల్‌లో పటాలు గీసే సర్కారు ఆఫీసులో ఆయన ఉద్యోగం. ఇంటి గోడకు పెద్ద దేశపటం వేలాడేది. చుట్టుపక్కల ఎవరు ఊరికి బయలుదేరినా, భార్య మార్తమ్మ గుండీలు కుట్టే దారం తీసి పటం మీద పరిచి, దూరం ప్రకటించనిదే ఆయనకు అన్నం సయించేది కాదు. దగ్గర్లోని కీసర జాతరకు పోయేవాళ్ళకు కూడా ఈ సేవ అందింది. కీసర ఆ పటంలో లేకపోవడం ఆయన్ను ఆపలేదు.

అరవై ఎనిమిది జనవరిలో ఆ విద్యకు తగిన సందర్భం వచ్చింది. మార్తమ్మ చెల్లెలు ఎలిజబెత్ నర్సు. శిక్షణ కోసం ఢిల్లీకి విమానంలో వెళుతోంది. టికెట్టు దవాఖానా వాళ్ళు కొనిచ్చారు. ఆ వంశంలో కాళ్ళు నేల విడిచే మొదటి మనిషి ఆమె. దూరం పోయినవాళ్ళు క్షేమంగా దిగేదాకా ఇంటిల్లిపాదీ ఉపవాసముండి ప్రార్థించడం మార్తమ్మ పుట్టింటి ఆచారం. ఢిల్లీ రైలుకైతే రెండు రాత్రులు కాబట్టి, దేవుడికి విన్నవించుకుని ఒక పూటతో సరిపెట్టేవాళ్ళు. విమానానికి ఎంతసేపన్నది ఎవరికీ తెలియదు. ఆ భారం సంజీవరావు మీద పడింది.

దారం ఏడువందల ఎనభై మైళ్ళు చెప్పింది. గంటకు మూడువందల మైళ్ళ చొప్పున లెక్కగట్టి, ఎదురుగాలికి కొంత, దిగేముందు కొట్టే చక్కర్లకు కొంత కలిపి, పదింటికి లేచే విమానం ఒంటిగంటకు దిగుతుందని తీర్పిచ్చాడు.

పొద్దున్నే దవాఖానా వ్యాను వచ్చి ఎలిజబెత్‌ను బేగంపేట విమానాశ్రయానికి తీసుకుపోయింది. ఇంట్లో ప్రార్థన మొదలైంది. మౌలాలి రైల్వే షెడ్డులో పనిచేసే పక్కింటి శాంతయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. పది దాటాక ఇంటిమీదుగా విమానం మోత వినబడితే అందరూ వాకిట్లోకి పరుగెత్తారు. మార్తమ్మ కొంగు ఊపింది. సంజీవరావు గడియారం చూసి, లెక్క తప్పలేదన్నట్టు తల పంకించాడు.

పన్నెండుకల్లా పొయ్యి మీది కోడికూర వాసన ప్రార్థనలోకి చొరబడింది. శాంతయ్య బేరానికి దిగాడు.

"బావా, ఆ ఎదురుగాలి జర తగ్గియ్యరాదే?"

"గాలి నా చేతుల ఉన్నదా?"

"దారం నీ చేతులనే ఉన్నది గద."

మార్తమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "నా చెల్లె మొగులు మీద ఎగురుతుంటె, నీకు కూర యాదికొస్తున్నదా అన్నా?"

శాంతయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

ఒంటిగంటకు సంజీవరావు లేచి, ఢిల్లీ వచ్చేసిందని ప్రకటించాడు. కృతజ్ఞతా ప్రార్థన జరిగింది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుని, అప్పుడు నోట్లో ముద్ద పెట్టుకుంది. ఎలిజబెత్ ఈపాటికి సామాను తీసుకుంటుంటుందని చెబుతూ సంజీవరావు రెండోసారి వడ్డించుకున్నాడు. గిన్నెలు నున్నగా ఖాళీ అయ్యాయి.

మూడింటికి వాకిట్లో వ్యాను ఆగింది. పెట్టె పట్టుకుని ఎలిజబెత్ దిగింది. ఢిల్లీలో పొగమంచట, ఆ విమానం రేపటికి వాయిదా వేశారట. పొద్దున ఇంటిమీద పోయింది మద్రాసు విమానమట. మార్తమ్మ చెల్లెల్ని గట్టిగా కావలించుకుని, నవ్వుతూనే మళ్ళీ బియ్యం కడగడానికి లోపలికి పోయింది.

శాంతయ్య గొంతు సవరించుకున్నాడు. "రేపు గూడ ఉపాసమేనా బావా?"

సంజీవరావు దారం చుట్టి జేబులో వేసుకున్నాడు.

నాచారం నుంచి బేగంపేటకు, బేగంపేట నుంచి నాచారానికి, ఆ రోజు ఎలిజబెత్ ప్రయాణం మొత్తం పదిహేను మైళ్ళు.