కనక మోకాలి పక్కన రాడ్డు

సర్వేశ్వరరావును ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. పెళ్లి పందిట్లో కుర్చీ వేస్తే రెండు నిమిషాల్లో లేచి జీపు టైర్లు చూసుకొస్తాడు. సంతలో టీ గ్లాసు చేతికిస్తే తాగుతూనే కొండ మీద మబ్బెటుందో చూడ్డానికి నడుస్తాడు. ఇంట్లో మంచం ఎక్కినా ఎడమ చెయ్యి ఊరుకోదు. మంచం కోడుని గేరు రాడ్డులా పట్టుకుని ఫస్టులోకీ సెకండులోకీ లాగుతూనే ఉంటుంది.

"మంచాన్ని కూడా కొండెక్కించేత్తావేటి మావా?" అని భార్య కనక నవ్వేది. ఆ మాట అనడం మానేసి ఎనిమిదేళ్లయింది.

అరకు నుంచి దూళిగుడకి జీపు తోలడం అతని పని. దూళిగుడ కొండ నెత్తిన నలభై గడపల ఊరు, అతని సొంతూరు. తారు రోడ్డు వదిలాక ఏడు కిలోమీటర్లు. మొదటి ఆరూ ఎవరైనా తోలతారు. ఏడోది నిలువు ఎర్రమట్టి ఎక్కుడు, ఎర్రజారుడు అంటారు. వాన పడిందంటే ఆ మట్టి మీద మేకలు కూడా ఆలోచించి అడుగేస్తాయి. జారుడు ఎక్కగానే ఊరి మొదట్లో సిమెంటు రోడ్డు ముక్క ఒకటుంది. దాని మీదే ఎడమ చేతికి పెద్ద మెలిక, మెలిక అంచున కాఫీ తోటల్లోకి దిగిపోయే లోయ. సిమెంటు కావలసింది జారుడు మీద. దాన్ని తీసుకెళ్లి మెలిక మీద ఎందుకు పోశారో పోసినవాళ్లకే తెలియాలి.

కుర్రతనంలో సర్వేశ్వరరావు సాలూరు పోయి లారీల దగ్గర నాలుగేళ్లు పనిచేశాడు. అక్కడ వరహాలరావు మేస్త్రి తిట్టి తిట్టి నేర్పింది ఒక్కటే: కొండకి గేరు కిందే ఎంచుకోవాలి. సగం ఎక్కాక క్లచ్చి తొక్కితే ఊపు పోతుంది, ఊపు పోయిన బండి వెనక్కే వస్తుంది. అందుకే వాన పడిన రోజు సర్వేశ్వరరావు జారుడు కింద జీపు ఆపి, చెప్పులు విప్పి, పైదాకా నడిచొచ్చేవాడు. వెనకాల జనం గొణుక్కునేవారు, ఆలస్యమైపోతోందని తిట్టేవారు. అతను వినేవాడు కాదు. నేల గట్టిగా ఉండి రాళ్లు తేలి ఉంటే కొండల కోసం జీపుకి విడిగా ఉండే లో గేరు వేసి ఫస్టులో పాకించాలి. పాదం జర్రున జారిందంటే ఫస్టు పనికిరాదు. బలం ఎక్కువై చక్రం ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటుంది. అప్పుడు లో గేరులోనే సెకండు వేసి, ఆపకుండా, రెచ్చగొట్టకుండా ఒకే లాగులో లాగాలి. ఇదంతా అతని కాలి వేళ్లకి తెలుసు.

ఇంకొకటి కూడా వరహాలరావు చలవే. మామూలు బండికి ఒక చిక్కుంది. వెనక చక్రాల్లో ఒకటి బురదలో పడితే ఇంజను బలమంతా దానికే పోతుంది. అది గిర్రున తిరుగుతూ ఉంటుంది, గట్టి నేల మీదున్న రెండోది చేతులు కట్టుకుని చూస్తుంది. ఆ రెండింటినీ కలిపి తిప్పే లాకు ఒకటి ఆ జీపుకి మేస్త్రి అమర్చాడు. దాని రాడ్డుకి గేర్ల పక్కన చోటు లేక ఎడమవైపు సీటు పక్కన బిగించాడు. డ్రైవరుకి అందదు. ఆ సీట్లో కూర్చునేది కనక.

అలా ఆ జీపుని ఇద్దరూ కలిసి తోలేవారు. జారుడు మొదట్లో అతను "ఎయ్!" అనేవాడు, ఆమె రాడ్డు కిందికి నొక్కేది. పైన సిమెంటు తగలగానే "తియ్!" అనేవాడు, ఆమె పైకి లాగేది. ఆ తియ్యడమే ముఖ్యం. మెలికలో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. మట్టి మీదైతే కాస్త జారి సర్దుకుంటాయి. గట్టి నేల మీద లాకు పడి ఉంటే రెండూ సమానంగానే తిరుగుతాయి, బండి మెలిక తిరగనంటుంది. స్టీరింగు ఎంత తిప్పినా ముక్కు సూటిగానే పోతుంది. ఊళ్లో ఆడవాళ్లు "దొరా దొరసానీ ఇమానం తోలతన్నారర్రా" అని ఏడిపించేవారు. కనక మురిసిపోయేది.

ఎనిమిదేళ్ల కిందట ఒక సంత రోజు అతను కనకని అరకులో మరిచిపోయి, వేరే ఊరి బేరానికి వెళ్లిపోయాడు. రెండు గంటలు ఆమె వానలో తడుస్తూ నిలబడింది. వచ్చాక క్షమించమని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. ఆమె మూతి ముడుచుకుని సీట్లో కూర్చుంది. ఆరు కిలోమీటర్లు ఇద్దరి మధ్యా మాట లేదు. జారుడు కింద అతను నోరు తెరవకుండా వేలు చూపించాడు, ఆమె రాడ్డు నొక్కింది. పైకెక్కారు. సిమెంటు తగిలింది. అతను "తియ్" అనలేదు. జీపు మెలిక తిరగలేదు. సూటిగా పోయి అంచు దాటి సిల్వర్ ఓక్ చెట్టుకి గుద్దుకుని ఆగింది. అతనికి నుదురు చిట్లింది. కనకకి ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

బ్రేకు పడలేదని ఊరందరికీ చెప్పాడు. కనక ఆస్పత్రి మంచం మీద తలూపింది. జీపు బాగుచేయించాక అతను చేసిన మొదటి పని, లాకు రాడ్డుకి ఇనుప తీగ నాలుగు చుట్లు చుట్టి సీటు కాలికి కట్టెయ్యడం. అప్పటినుంచి వాన రోజుల్లో జీపు జారుడు కిందే ఆగిపోతోంది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు. కనక మాత్రం కుంటుకుంటూ అందరికంటే వెనక వస్తుంది. ఆ అడుగు చప్పుడు వింటే అతనికి ఇంట్లో కూర్చోబుద్ధి కాదు, లేచి జీపు దగ్గరికి పోతాడు.

మొన్న నవంబరులో తుపాను పట్టింది. సరిగ్గా కాఫీ పళ్లు కోసే రోజులు. కాఫీ పండు కోసిన రోజే తోలు వలవాలి, లేకపోతే పులిసి కంపు కొడుతుంది. దూళిగుడ ఆడవాళ్ల సంఘానికి కనకే పెద్ద. ఈ ఏడు పచ్చికాయ దులిపి షావుకారుకి పొయ్యొద్దని, ఎర్రపండే ఏరి కొయ్యాలని, తోలు వలిచి లోపలి పప్పు మనమే తీద్దామని ఇంటింటికీ కుంటుకుంటూ తిరిగి ఒప్పించింది. పద్నాలుగు ఇళ్లవాళ్లు పొద్దున్నుంచీ కోసి షెడ్డులో రాశి పోశారు. మధ్యాహ్నానికి తోలు వలిచే పల్పరు ఇరుసు విరిగిపోయింది. ఎండ లేదు, ఎండబెట్టడానికి లేదు. ఇంకో పల్పరు అరకులో ఉంది. పైకి తెస్తే రాశి మిగులుతుంది, తేకపోతే రేపటికి అంతా ఎరువుదిబ్బ పాలు. వచ్చే ఏడు కనక మాట వినేవాళ్లు ఒక్కరుండరు.

"తెత్తావా?" అంది కనక అతన్ని. అంతే అంది.

పల్పరు, మోటారు కలిపి రెండున్నర క్వింటాళ్లు. అరకు పోయి వాటిని జీపు వెనక తాళ్లతో బిగించి, దించడానికి సంఘం పనులు చూసే మల్లేశుని ఎక్కించుకుని, నాలుగు గంటలకి జారుడు కింద ఆగారు. కనక తన సీట్లోనే ఉంది, యంత్రం తన కళ్ల ముందు పైకి రావాలంది. సర్వేశ్వరరావు చెప్పులు విప్పి నడిచాడు. పాదం జర్రున జారింది. మూడో వంతు దగ్గర ఎడమవైపు గాడిలో చీలమండ దాకా దిగిపోయింది. అక్కడే ఆగి తల గోక్కున్నాడు. ఏం చెయ్యాలో కాలికి తెలుసు, మనసు ఒప్పుకోలేదు. తిరిగొచ్చి లో గేరులో సెకండు వేసి లాగించాడు.

జీపు ఆ గాడి దాకా బాగానే ఎక్కింది. అక్కడ ఎడమ వెనక చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. కుడి చక్రం కదల్లేదు. జీపు ఒక జానెడు వెనక్కి జారేసరికి మల్లేశు దూకి చక్రం కింద రాయి వేశాడు.

"నెట్టినా లాభం నేదు బావా, నా కాళ్లే జారిపోతన్నాయి" అన్నాడు మల్లేశు. "పైకెళ్లి పది మందిని తెత్తాను."

"పది మందొచ్చినా జారిపోతారు. అయినా పో, బేగి రా" అన్నాడు సర్వేశ్వరరావు. మల్లేశు గడ్డి పట్టుకుని పాకుతూ పైకెళ్లాడు.

జీపులో ఇద్దరే మిగిలారు. వాన రేకు మీద దబదబలాడుతోంది. అతని ఎడమ చెయ్యి గేరు రాడ్డుని ఊరికే అటూ ఇటూ ఊపుతోంది. కనక తన మోకాలి పక్కనున్న తీగ చుట్ల వైపు చూస్తోంది. తుప్పు పట్టి ఎర్రగా ఉంది తీగ.

"కటింగు ప్లేరు ఏదీ?" అంది.

"ఎందుకు?"

"నీకు తెల్దా?"

అతను సీటు కిందనుంచి ప్లేరు తీశాడు, ఇవ్వలేదు. చేతిలోనే తిప్పుతున్నాడు. ఎనిమిదేళ్లుగా దాచుకున్నది ఇక లోపల ఉండనంది.

"ఆ రోజు బ్రేకు బాగానే ఉంది కనకా."

"తెలుసు."

"నాను తియ్యమని సెప్పలేదు. మరిసిపోయి కాదు. సిమెంటు సూశాను. ముందు నాను మాటాడితే నీ ముందు తగ్గినట్టుంటదని నోరు మూసుకున్నాను. నువ్వే తీత్తావులే అనుకున్నాను. నీ కాలు నానే ఇరగ్గొట్టాను."

కనక తీగ మీది తుప్పుని గోటితో గీకింది. అతనికి తలుపు తీసుకుని వానలోకి పోవాలనిపించింది. జారుడు మీద బ్రేకు తొక్కి పట్టుకున్నవాడు ఎక్కడికి పోతాడు?

"నానూ సూశాను సిమెంటు" అంది కనక. "సెయ్యి రాడ్డు మీదే ఉంది మావా. లాగితే అయిపోను. నోరిప్పి అడిగితేగానీ తియ్యకూడదు, రెండు గంటలు తడిపినోడికి నానెందుకు తియ్యాలి అని కూకున్నాను. కాలు ఇరిగినాక ఏ మొకం పెట్టుకుని సెప్పను? నువ్వు తీగ కడతంటే ఎందుకని కూడా అడగలేదు. అడిగితే నాను సెప్పాలి కదా."

అతనికి ముందు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లు! ఎన్ని రాత్రులు మంచం కోడు లాగాడో ఆమెకి తెలుసు. పక్కనే పడుకుని వింటూ ఊరుకుంది. అరవబోయి ఆమె మొహం చూశాడు. ఆమె ఏడుస్తోంది, ఏడుస్తూ చెయ్యి చాపి ఉంచింది. అతను ప్లేరు ఆ చేతిలో పెట్టాడు. కోపం పోలేదు. దాని పక్కనే ఎక్కడో కొంచెం ఊపిరి ఆడింది.

కనక ఒక్కొక్క చుట్టే కత్తిరించింది. నాలుగోది రాలేదు, మెలితిప్పి విరిచింది. "ఇప్పుడెయ్యనా?"

"ఇప్పుడొద్దు. సక్రం తిరుగుతుంటే లాకు పడదు, పళ్లు ఇరుగుతాయి. గాడిలో దిగబడ్డాక కాదు, దిగబడకముందు ఎయ్యాలి. కిందికి పోదాం."

కనకని జరిగొచ్చి బ్రేకు తొక్కి పట్టుకోమని, చక్రం కింద రాయి అడ్డు తీసొచ్చి, లో రివర్సు వేసి, క్లచ్చి మీదనుంచి కాలు తీసేసి, బ్రేకు ముట్టుకోకుండా ఇంజను పట్టు మీదే కిందికి దించాడు. మళ్లీ చెప్పులు విప్పబోతే కనక కసిరింది. "ఇంకెన్నిసార్లు నడుత్తావు? మట్టి మారిపోద్దేటి?" అతను చెప్పులు వదిలేసి ఎక్కాడు. లో గేరు. సెకండు.

"ఎయ్!"

కింద ఎక్కడో టక్కుమని పళ్లు కలిసిన చప్పుడు. జీపు కదిలింది. గాడి దగ్గర ఎడమ చక్రం జారబోయింది, కుడిది వదల్లేదు. వెనక పల్పరు తాళ్లు కిర్రుమన్నాయి. అతను యాక్సిలేటరు మీద కాలు పెంచలేదు, తగ్గించలేదు. పైనుంచి పది మందిని వెంటేసుకుని దిగుతున్న మల్లేశు పక్కకి గెంతి గడ్డిలో పడ్డాడు. ఎవరో అరిచారు, వీళ్లు వినలేదు.

జారుడు అయిపోయింది. ముందు చక్రాలు సిమెంటు ఎక్కాయి, వెనకవీ ఎక్కాయి. పాకుడు పట్టి సిమెంటు మెరుస్తోంది. మెలిక ఇరవై అడుగుల్లో ఉంది, దాని అవతల సిల్వర్ ఓక్ చెట్టు, మొదలు మీద బెరడు ఊడిన పాత మచ్చతో.

"తియ్!" అని అరిచాడు సర్వేశ్వరరావు. ఆ అరుపుకి అతనే ఉలిక్కిపడ్డాడు.

"సిమెంటు తగిలినప్పుడే తీశాను. తిప్పు!"

అతను తిప్పాడు. జీపు తిరిగింది. చెట్టు కుడి పక్కనుంచి జరిగి వెనక్కి పోయింది. షెడ్డు ముందు ఆడవాళ్లు గోనె సంచులు కప్పుకుని నిలబడి ఉన్నారు, వాళ్ల వెనకాల ఎర్రటి రాశి కనిపిస్తోంది. అతను జీపు ఆపాడు. ఇంజను కట్టేశాడు.

కనక దిగడానికి ముందు కాలు బయటపెట్టి ఆగింది.

"ఇకమీద నువ్వు సెప్పకపోయినా తీత్తాను మావా" అంది. "అయినా నువ్వు సెప్పు."