మిరపకాయల పక్కన పోలియో సీసాలు

రెండో గ్లాసు షర్బత్ కూడా పూర్తిచేసి, మీసాలు తుడుచుకుని, మా పెద్ద సార్ అడిగారు: "ఈ ఊర్లె ఐస్ ఎక్కడిదవ్వా?" పెద్దవ్వ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, "మా ఊర్లె ఐస్ ఏడిది సారూ? మీ డబ్బాలదే గద! మంచిగ సల్లగున్నదా?" అంది. సార్ ముఖంలో రంగు మారింది. నా నోట్లో అప్పటికింకా ఒక ఐస్ ముక్క ఉంది. దాన్ని మింగాలో, ఉమ్మేయాలో, తిరిగి డబ్బాలో వేయాలో తెలియక బుగ్గన పెట్టుకుని నిలబడ్డాను. (మూడో ఆలోచన నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత దాచడం ఎందుకు?)

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, వరంగల్‌లో ఎమ్మే పాసైన కుర్రాడు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేవాడు, మిగిలిన వేళల్లో హన్మకొండ చౌరస్తాలో నిలబడి ఆ దరఖాస్తుల గురించి మాట్లాడేవాడు. నేను రెండూ శ్రద్ధగా చేస్తుండగా, యూనివర్సిటీలో పిల్లల టీకాల మీద పరిశోధన చేసే బృందంలో కొన్ని నెలల తాత్కాలిక పని దొరికింది. సముద్రాల అవతలి విశ్వవిద్యాలయం ఒకటి మాతో కలిసి చేయిస్తున్న పని అది. మొదటిసారి పిల్లలకు పోలియో చుక్కలు వేయించిన తల్లులు రెండోసారి ఎందుకు రావడం లేదన్నది తేల్చవలసిన ప్రశ్న. జవాబు కోసం పద్నాలుగు కారణాలు అచ్చువేసిన ఫారాలు అక్కడినుంచే వచ్చాయి. మేం ఊళ్లకు వెళ్లి చుక్కలు వేయించి, నెల తర్వాత మళ్లీ వెళ్లి, రానివాళ్ల ఇళ్లు తిరిగి, ఆ పద్నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఆ ఊరికి వెళ్లింది ముగ్గురం: ప్రొఫెసరైన పెద్ద సార్, చుక్కలు వేసే నర్సు సిస్టరమ్మ, ఐస్ డబ్బా మోసే నేను. వేడి తగిలితే ఆ మందు పనికిరాదు. "సీసలు ఐస్‌ల ఉండాలె, డబ్బా నీ భుజం మీద ఉండాలె. ఇంకేం గుర్తుపెట్టుకోకున్నా ఫికర్ లేదు" అని సార్ మొదటి రోజే చెప్పారు. ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదన్నది మాత్రం నేను బాగా పాటించాను.

ఆ రోజు పొద్దున వరంగల్ స్టేషన్ దగ్గర ఐస్ కొట్టించుకుని, పాసింజరెక్కి నెక్కొండలో దిగి, అక్కడినుంచి ఎడ్లబండి మీద ఊరు చేరాం. నేను కొత్తగా కుట్టించిన బెల్‌బాటమ్ ప్యాంటులో ఉన్నాను. ఒక పరిశోధకుడు ఊళ్లోకి అడుగుపెడితే జనం ఎలా చూస్తారో దారిపొడుగునా ఊహించుకున్నాను. బండి దిగి, డబ్బా పట్టీ భుజానికి తగిలించుకున్నానో లేదో, ఎక్కడినుంచో పదిమంది పిల్లలు పరుగెత్తుకొచ్చారు. "ఓ ఐస్‌ఫ్రూటన్నా! గంట కొడ్తలేవేందే?" అని ఒకడు. "ఎర్రది ఉన్నదా?" అని ఇంకొకడు. ఒక ముసలాయన అరుగు మీదనుంచే, "పోరగాండ్లకు దగ్గు లేస్తాంది, ఈడ అమ్మకు, ముంగటికి పో" అని నన్ను కసిరాడు. సిస్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎమ్మే, అందులోనూ ఫస్టుక్లాసు! ఇక భరించలేక, బడి వరండాలో బల్ల వేయగానే, పక్కింటి పెద్దవ్వ చేతిలో డబ్బా పెట్టేశాను. "ఏమున్నది బిడ్డా దీంట్ల?" అని అడిగింది. "ఐస్. సల్లటి జాగల పెట్టు" అన్నాను. మందు గురించి కూడా చెప్పాలంటే రెండు నిమిషాలు పట్టేది. ఆ లోగా ఐస్‌ఫ్రూట్ పిల్లలు వచ్చేసేవాళ్లు.

పెద్దవ్వ తప్పేమీ లేదు. పట్నం సార్లు కుండ నీళ్లు తాగలేక వెంట ఐస్ తెచ్చుకున్నారనుకుంది. ఎండలో పనిచేసేవాళ్లకు అడగకముందే ఇవ్వాలని నిమ్మకాయలు పిండి, చక్కెర కలిపి, ఐసంతా కొత్త కుండలో వేసి, పైన తడి గోనె కప్పింది. "మరి సీసలేవమ్మా?" అని సిస్టరమ్మ అడిగితే, "అయ్యో, అవి పాపం నీళ్లల్ల నానుతాన్నయ్. జర ఎండల ఆరవెట్టిన" అని వాకిట్లోకి తీసుకెళ్లి చూపించింది. చేటలో ఒక పక్క ఎర్రగా మిరపకాయలు, మరో పక్క ఒక్కొక్కటీ తుడిచి వరసగా పడుకోబెట్టిన పోలియో సీసాలు. సార్ ఒకటి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అప్పటికే మధ్యాహ్నం విడత తల్లులు బడి ముందు చేరుతున్నారు. మిరప తోటల్లో కూలి వదులుకుని, పిల్లలను చంకనేసుకుని వచ్చినవాళ్లు. "డబ్బా నీది. చెప్పేది కూడ నువ్వే" అన్నారు సార్. నేను గొంతు సవరించుకుని, "కొన్ని అనివార్య కారణాల వల్ల..." అని మొదలుపెట్టాను. "ఏమంటాండే ఈ ఐస్‌ఫ్రూట్ పిలగాడు?" అంది ముందున్నామె. ఇక లాభం లేదని, మందు పాడైందని, డబ్బాలోని ఐస్ మేమే తాగామని చెప్పేశాను. ముందున్నామే మళ్లీ అందుకుంది. "మా పోరగాండ్ల మందు మీరు తాగిండ్రా?" "మందు కాదక్కా, ఐసే." "ఏదైతేంది తియ్యి. ఇగ మీకు జన్మల కాళ్లు వడిపోవు!" అందరూ పగలబడి నవ్వారు. నవ్వి, ఆ రోజు కూలి పోయినందుకు నాలుగు మాటలని, వెళ్లిపోయారు. సార్ మందు లెక్క రాసే ఇంకో ఫారం తీశారు. మందు చల్లదనం ఎందుకు పోయిందన్న గడిలో కరెంటు పోవడం, ఫ్రిజ్ చెడిపోవడం, బండి ఆలస్యం కావడం ఉన్నాయి. 'ఇతరములు' దగ్గర కలం పెట్టి చాలాసేపు ఆలోచించి, "బృందము సేవించినది" అని రాశారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పొద్దున మొదటి సీసా అయిపోతే, రెండోది తెచ్చింది నేను. గుమ్మంలోంచి "పెద్దవ్వా, ఒక సీస ఇయ్యి" అని చెయ్యి చాపాను. ఆమె లోపలినుంచే అందించింది. ఆ సీసాలోంచి ఏడుగురు పిల్లలకు చుక్కలు పడ్డాయి. అది డబ్బాలోంచి తీసిందా, చేటలోంచి తీసిందా? "ఏమో బిడ్డా, నాకెట్ల యాదికుంటది?" అంది పెద్దవ్వ. సార్ నా వైపు తిరిగారు. "చేతికి సల్లగ తగిలిందా?" నేను దాన్ని చేత్తో పట్టుకోలేదు. చొక్కా కఫ్ తడుస్తుందని రుమాలులో పట్టుకున్నాను. "సల్లగనే ఉండె సార్" అన్నాను, భయంతో. "రుమాలియ్యి తమ్మీ" అంది సిస్టరమ్మ. ఇచ్చాను. తడిగానే ఉంది. ఆమె వాసన చూసి, "ఇది చెమట" అని తిరిగి ఇచ్చేసింది. నేను తలవంచుకుని, "గుర్తులేదు సార్" అన్నాను. సార్ తిట్టలేదు. ఆ ఏడుగురి కాగితాల మీద మొదటి మోతాదు పక్కన ప్రశ్నార్థకాలు పెట్టించి, వచ్చే నెల వాళ్లకు మళ్లీ మొదటినుంచి వేయాలన్నారు.

మరుసటి నెల ఆ ఊళ్లో ఎవరూ రారనుకున్నాం. మిగతా ఏ ఊళ్లోనూ రానంతమంది వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే, "ఈసారి ఏం తాగుతరో చూద్దామని" అన్నారు. ఫారంలోని పద్నాలుగు కారణాలూ రాకపోవడానికే, రావడానికి గడి లేదు. పెద్దవ్వ డబ్బాను ఒళ్లో పెట్టుకుని వరండాలోనే కూచుంది. మూత తెరవబోయిన పెద్ద సార్‌ను కూడా, "ఆ సిస్టరమ్మకు తప్ప ఎవ్వలకియ్య" అని గద్దించింది.

ఏడుగురిలో ఆరుగురు వచ్చారు. ఏడో పాప తల్లి, భర్తకు బొగ్గుగనుల దిక్కు పని దొరికితే సంసారం ఎత్తుకుని వెళ్లిపోయిందట. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. నేను రెండుసార్లు వెళ్లి అడిగాను. తర్వాత పరిశోధన ముగిసింది, నేను పత్రికలో చేరాను, ఎవరెవరినో ఎన్నెన్నో ప్రశ్నలడిగి బతికాను. బెల్‌బాటమ్ కుర్రాడిని తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడి రుమాలు మడత కూడా గుర్తుంది. ఆ పాప ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. ఆ సీసా చల్లగా ఉందో లేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.