దేవకుమారి గారి జమైకా వారం

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు జరిగేది. అక్కడ దేవకుమారి గారిని పేరుతో ఎరిగినవాళ్లు తక్కువ. నవోమి వాళ్ల పెద్దమ్మ అంటే చాలు, తెలిసేది. కీర్తన పాడేటప్పుడు కూడా ఆవిడ ఒళ్లో ఎవరి పసిబిడ్డో ఒకరు ఉండేవారు.

నరసాపురం మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, చెల్లెలు లూసీ పురిటికని డెబ్బై ఎనిమిదిలో సెలవు పెట్టి వచ్చింది. పురుడై నవోమి పుట్టింది. లూసీ తిరిగి ఆఫీసుకి వెళ్లసాగింది. సెలవు అయిపోయింది, వీసా అయిపోయింది. "ఇంకో ఆర్నెల్లు ఉండక్కా" అన్నమాట మీద తొమ్మిదేళ్లు గడిచాయి. జీతం ప్రస్తావన ఎవరైనా తెస్తే లూసీ భర్త ఆనందబాబు నవ్వేవాడు. "సొంత మనిషికి జీతమేంటండీ, మా వదిన విందంటే నన్ను కొడుతుంది."

ఎనభై ఏడులో ఆమ్నెస్టీ వచ్చింది. చాలా ఏళ్లుగా కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లు ఇప్పుడు అర్జీ పెట్టుకోవచ్చునన్నారు. మా సంఘపెద్ద దైవాశీర్వాదం గారు ఆవిడను పక్కకు పిలిచి చెప్పారు.

"మీరు వాళ్లింట్లోనే ఉన్నారని మీ మరిది ఒక లెటర్ రాసిస్తే చాలమ్మా. మిగతాది నేను చూసుకుంటాను. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లను చూసే పని కూడా మాట్లాడి పెట్టాను."

ఆ వారమంతా ఆవిడ నడకే మారిపోయింది. తన పేరున ఒక కార్డు, తన చేతికొక ఉద్యోగం. నవోమి ఉన్న ఊళ్లోనే, తన గదిలో తాను. అంతకుమించి ఏమీ అడగలేదు.

"ఎందుకు రాయను వదినా!" అన్నాడు ఆనందబాబు. "ముందు ఫ్యామిలీ అంతా ఒక వారం జమైకా వెళ్లొద్దాం. టికెట్స్ బుక్ చేశాను. రాగానే సైన్ పెడతా."

"నాకు వీసా లేదు కదయ్యా, రావచ్చా?"

"జమైకాకి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే చాలు. వీసా అక్కర్లేదు. ఐ చెక్డ్."

అతను చెప్పింది నిజమే. తిరిగి అమెరికాలో దిగడానికి ఏం కావాలో ఆవిడ అడగలేదు. అందరూ కలిసి వెళ్తే అందరూ కలిసే వస్తారనుకుంది.

పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకుని ద్వీపమంతా చుట్టారు. ఒడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు, ఎర్రమట్టి, అరటి, మామిడి. "మన గోదావరి జిల్లానే తెచ్చి సముద్రంలో పడేశారే లూసీ!" అని ఆవిడ చిన్నపిల్లలా కిటికీకి అతుక్కుపోయింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి పొద్దున్నే ఎవరో కాఫీ చేతికిచ్చారు. తనకని ఒక హోటల్ గది. "వదిన ఈ వారం గరిట ముట్టుకోకూడదు, అంతే!" అని ఆనందబాబు ఆజ్ఞ. లూసీ మాత్రం అక్క కళ్లలోకి చూడకుండా అడిగినదానికల్లా తలూపింది. అలసిపోయిందేమోనని ఆవిడే చెల్లెలి కాళ్లు పిసికింది.

పడమటి కొసన ఒక బజారులో మిరపకాయలమ్మే ముసలమ్మ మనదేశపు ముఖం చూసి పలకరించింది. వాళ్ల నాయనమ్మను ఇండియా నుంచి చెరుకుతోట పనికి ఐదేళ్లని చెప్పి ఓడెక్కించారట. మళ్లీ ఇల్లు చూడలేదట. దేవకుమారి గారు ఆమె చెయ్యి పట్టుకుని "అయ్యో" అంది.

"చూశారా వదినా," అన్నాడు ఆనందబాబు, కెమెరా సర్దుకుంటూ. "మీకు ఇక్కడ కూడా చుట్టాలే. ఒకవేళ ఉండిపోయినా ఇబ్బంది లేదు!"

అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది.

చివరిరోజు కింగ్‌స్టన్ విమానాశ్రయంలో నవోమిని చిరుతిళ్లకు పంపి, అతను ఒక టికెట్ తీసి వదిన చేతిలో పెట్టాడు. లండన్, అక్కడినుంచి బొంబాయి.

"ఇదేంటయ్యా?"

"కోప్పడకండి వదినా. మిమ్మల్ని తొమ్మిదేళ్లు ఇల్లీగల్‌గా ఇంట్లో పెట్టుకున్నానని నా చేత్తో నేనే రాసిస్తే నా సిటిజన్‌షిప్ ఏం కావాలి? నవోమి పెద్దదైంది. ఇక మీరు కూడా రెస్ట్ తీసుకోవాలి."

"నేను ఎక్కను. మీతో వస్తాను."

"వీసా లేకుండా మా విమానం ఎక్కనివ్వరు. అడిగి చూడండి."

ఆవిడ నిజంగానే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగింది. పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి, ఆ అమ్మాయి మర్యాదగా తల అడ్డంగా ఊపింది.

ఆవిడ వెనక్కి వచ్చి చెల్లెలి ముందు నిలబడింది. "నీకు తెలుసా లూసీ?"

"ఇంట్లో చెబితే చర్చి అంతా పోగయ్యేది కదక్కా. నీ చీరలన్నీ పెద్ద పెట్టెలో సర్దాను. అక్కా, పాపకి మాత్రం నువ్వే చెప్పు. నీకే వెళ్లాలని ఉందని చెప్పు. లేకపోతే ఏడుస్తుంది."

చిప్స్ పొట్లంతో నవోమి వచ్చింది. దేవకుమారి గారు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నేను మీతో రావడంలేదు. నన్ను ఇండియాకి పంపించేస్తున్నారు."

"ఫరెవర్?"

"అవును."

నవోమి పొట్లం చింపి ఒక చిప్ నోట్లో వేసుకుంది. "బట్ పెద్దమ్మా, మండే నాకు స్కూల్ ఉంది. నా జడ ఎవరు వేస్తది?"

"కట్ చేయిద్దాంలే," అంది లూసీ తొందరగా. "నీకు షార్ట్ హెయిర్ అంటే ఇష్టం కదా?"

"రియల్లీ?" అంది ఆ పిల్ల. ముఖం వెలిగిపోయింది.

ఇదంతా దేవకుమారి గారే నాకు నరసాపురంలో చెప్పింది, చాలా ఏళ్లకు. అప్పటికి అదే ఆసుపత్రిలో ఆయాగా చేస్తోంది. సెలవు దాటి రానందుకు నర్సు ఉద్యోగం ఎప్పుడో పోయిందట. చెల్లెలి మీద ఒక్క మాట తూలలేదు. జమైకాలో కాఫీ మాత్రం చాలా బాగుంటుందంది.

మా చర్చిలో ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పడం వాడుక. వాళ్లు జమైకా నుంచి తిరిగొచ్చాక మొదటి ఆదివారం ఆనందబాబు లేచాడు. ఎండకి ముఖం కమిలి, నిగనిగలాడుతున్నాడు.

"దేవుడు మమ్మల్ని క్షేమంగా వెళ్లి రానిచ్చాడు. మా వదినగారికి స్వదేశం మీద ప్రేమ పుట్టించి, అక్కడినుంచే నేరుగా పంపించాడు. దేవునికే మహిమ."

ఆమ్నెస్టీ అర్జీని మడిచి జేబులో పెట్టుకొచ్చిన దైవాశీర్వాదం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బేస్‌మెంట్ అంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది.